ఉప్పు కాగితం పట్టే ముందు

పాత చెక్క వస్తువు ఏదైనా చేతికొస్తే మనవాళ్లు చేసే మొదటి పని దాన్ని కొత్తదానిలా చెయ్యడం. ఉప్పు కాగితం పెట్టి నున్నగా రుద్దుతారు. వార్నిష్ కొడతారు. ఇత్తడి ముక్క ఉంటే చింతపండు పూసి తళతళలాడిస్తారు. అంతా అయ్యాక ఫోటో తీసి, "ఇదేంటో ఎవరికైనా తెలుసా ఫ్రెండ్స్?" అని గ్రూపులో పెడతారు. ఈ వరుస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ముందు అదేంటో తెలుసుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి. ఎందుకంటే మనం మురికి అనుకుని గీకేసే చోటే దాని పేరు రాసి ఉంటుంది. ఈ మాట చెప్పడానికి నాకు దొరికిన ఉదాహరణ విమానానికి ఉండే చెక్క ప్రొపెల్లర్.

సీఎస్‌ఈ సెకండియర్ వాడికి ప్రొపెల్లర్‌తో ఏం పని అని మెకానికల్ మిత్రులు నవ్వొచ్చు. నిజమే, పోయిన దసరా సెలవుల దాకా నాకూ దాంతో ఏ పనీ లేదు. మాది అనంతపురం జిల్లా కంబదూరు. కళ్యాణదుర్గం దాటి పావగడ వైపు పోతే వస్తుంది. శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది మా పక్క చాలా ఇళ్లకు తాళాలు పడతాయి, జనం బెంగళూరు బస్సెక్కుతారు. మా మేనమామ వడ్రంగి. ఊళ్లో తలుపులు, కిటికీలు చేయించుకునేవాళ్లు తగ్గిపోయాక ఆయన కూడా బెంగళూరులో ఇంటీరియర్ పనులకు పోతున్నాడు. అక్కడ కొత్తగా తెరవబోయే ఒక కేఫ్‌లో గోడకు తగిలించడానికి ఓనర్ ఎక్కడి నుంచో ఒక పాత ప్రొపెల్లర్ కొనుక్కొచ్చాడు. మామకు చెప్పిన పని మూడు ముక్కలు: నున్నగా గీకు, నడుమ ఉన్న బొక్క పెద్దది చెయ్యి, అందులో గడియారం బిగించు.

ఆ రోజు మధ్యాహ్నం మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, ఇమానం రెక్క అంట. మజ్జన ఏవో అచ్చరాలు కొట్టిండారు, ఇంగ్లీషువి. ఉప్పు కాగితం పెడితే పోతాయి. గీకాల్నా వద్దా సెప్పు. సదువుకున్నోనివి గదా" అన్నాడు.

"గీకొద్దు మామా, ముందు ఫోటోలు పంపు" అన్నాను.

ఫోటోలు వచ్చాయి. మా రూమ్‌లో ముగ్గురం మూడు యాప్‌లలో పెట్టి అడిగాం. ఒకటి మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్‌ది అంది. ఇంకొకటి స్పిట్‌ఫైర్ అంది. మూడోది ఇంటి అలంకరణ కోసం ఈమధ్య చేసిన బొమ్మ అంది. మూడూ ఎంత ధీమాగా చెప్పాయంటే, మూడింటికీ కలిపి ఒక వైవా పెట్టాలనిపించింది. స్పిట్‌ఫైర్ అన్న యాప్‌ని పూర్తిగా తప్పుపట్టలేం. తొలి స్పిట్‌ఫైర్‌లకు నిజంగానే రెండు రెక్కల చెక్క ప్రొపెల్లర్ ఉండేది. కానీ ఆ ఇంజిన్ వెయ్యి హార్స్‌పవర్ స్థాయిది. మామ టేపు పెట్టి కొలిచింది ఆరడుగుల పైచిలుకు. అంత పెద్ద ఇంజిన్‌కు ఈ చిన్న రెక్క ఏం సరిపోతుంది? టేపు చెప్పే మాట యాప్‌కు వినపడదు, దానికి కనిపించేది గోధుమరంగు చెక్క, రెండు రెక్కలు, అంతే. ఆ మాత్రం పోలికలున్న ప్రొపెల్లర్లు వేల రకాలు.

మన భాషలో చెప్పాలంటే, ఫోటోలో కనిపించే ఆకారం ఒక రికార్డులో ఉండే మామూలు కాలమ్ లాంటిది. ఒకే విలువ వందల వరుసల్లో ఉంటుంది. ప్రైమరీ కీ మాత్రం నడుమ ఉన్న బొడ్డు మీద ఉంటుంది, జానెడు చోటులో. మామ గీకమా అని అడిగింది సరిగ్గా ఆ జానెడు చోటునే.

అక్కడ ఏం రాసి ఉంటుందో చెప్తాను. చెక్క ప్రొపెల్లర్ల కాలంలో తయారీదారులు బొడ్డు మీద అచ్చులతో కొట్టిన వివరాలు దాదాపు ఇవే. డ్రాయింగ్ నంబరు ఒకటి. డి అంటే వ్యాసం, ఒక రెక్క కొస నుంచి ఇంకో రెక్క కొస దాకా. పి అంటే పిచ్. స్క్రూని చెక్కలో ఒక చుట్టు తిప్పితే ఎంత లోపలికి దిగుతుందో అలాగే, ఈ ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ఎంత ముందుకు పోవాలో ఆ దూరం. పిచ్ ఎక్కువైతే అది వేగంగా పోయే విమానానిదని, తక్కువైతే నెమ్మదిగా ఎగిరేదానిదని ఒక అంచనా. ఆర్‌హెచ్ లేదా ఎల్‌హెచ్ అని ఉంటే అది తిరిగే దిక్కు, పైలట్ సీటులోంచి చూసినప్పుడు కుడికా ఎడమకా అని. ఇంజిన్ పేరు, దాని హార్స్‌పవర్ ఉంటాయి. కొన్నిసార్లు విమానం పేరే ఉంటుంది. ఆపైన సీరియల్ నంబరు, తనిఖీ చేసిన వాళ్ల చిన్న ముద్ర. అంటే ఆ చెక్క మీదే దాని ఆధార్ కార్డు అచ్చై ఉంటుంది.

రెక్క మీద ఉండే కంపెనీ బొమ్మ కూడా ఆధారమే, కాకపోతే దాన్ని జాగ్రత్తగా చదవాలి. ఎక్కడైనా ప్రొపెల్లర్ మీద గరుడ అని కనిపిస్తే మనం ఏమనుకుంటాం? విష్ణుమూర్తి వాహనం, మనదే అనుకుంటాం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆ పేరుతో ప్రొపెల్లర్లు చేసిన కంపెనీ బెర్లిన్‌లో ఉండేది. పేరు పురాణాలది, చెక్క జర్మనీది. అలాగే ఫ్రాన్స్‌లో షోవియేర్ అనే ఆయన చేసిన ప్రొపెల్లర్లకు ఇంటెగ్రల్ అని పేరు. 1909లో బ్లేరియో ఇంగ్లిష్ ఛానల్ దాటింది ఆ ప్రొపెల్లర్‌తోనే. ఒక్క పేరు పట్టుకుని ఊహించుకుంటూ పోతే దేశమే మారిపోతుంది. అందుకే పేరు, కొలత, చెక్క, బొడ్డు అన్నీ ఒకే మాట చెప్తున్నాయా లేదా అని చూడాలి.

చెక్క విషయానికొస్తే మా మామ నాకన్నా ముందున్నాడు. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను, వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఒక అతుకు వేసి మార్కులు తెచ్చుకున్నాను. ఆయన ఫోటోలో కాదు, చేత్తో చూశాడు. "ఇది ఒగ దుంగ కాదురా, పలకలు పలకలు అతికించిండారు. గీతలు సూడు, రెండు రెక్కల మీద ఒగే మాదిరి పోతాండాయి. చేసినోడు మామూలోడు కాదు" అన్నాడు. నిజంగానే ప్రొపెల్లర్ చేసేది అలాగే. ఒకే దుంగలోంచి చెక్కితే ఎండకు, తేమకు వంకర తిరుగుతుంది. అందుకని వాల్‌నట్, మహోగని, బర్చ్ లాంటి చెక్కల పలకలను ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం పక్కకు జరిపి, విసనకర్ర విప్పినట్టు పేర్చి, బంకతో అతికించి, ఆరాక చెక్కుతారు. పాతరోజుల్లో ఆ బంక తోళ్లు ఉడికించి తీసినది. మన వడ్రంగులు వజ్రం అని పిలిచేది అదే. చెక్కడం పూర్తయ్యేసరికి పలకల అంచులు మ్యాప్‌లో కొండల చుట్టూ గీసే గీతల్లా కనిపిస్తాయి. రెండు రెక్కల మీద ఆ గీతలు సరిగ్గా ఒకేలా ఉన్నాయంటే రెండూ ఒకే ఆకారంలో, ఒకే బరువుతో వచ్చాయని అర్థం. గోడకు తగిలించడానికి చేసే నకిలీల్లో ఈ శ్రమ సాధారణంగా ఉండదు.

నకిలీకీ అసలుకీ తేడా పట్టించే ఇంకో సంగతి మెలిక. రెక్క బొడ్డు దగ్గర బాగా ఏటవాలుగా ఉండి, కొసకు పోయేకొద్దీ చదునవుతుంది. ఎందుకో చిన్న లెక్క చేద్దాం. రెండు మీటర్ల ప్రొపెల్లర్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోంది అనుకోండి. కొస సెకనుకు దాదాపు 209 మీటర్ల వేగంతో పోతుంది, అంటే గంటకు 750 కిలోమీటర్ల పైన. బొడ్డు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న చోటు సెకనుకు 63 మీటర్లే పోతుంది. రెండు చోట్లా గాలి తాకే కోణం సరిగ్గా ఉండాలంటే రెక్క మెలి తిరగక తప్పదు. ప్రొపెల్లర్ అంటే గుండ్రంగా తిరిగే రెక్కే అని గుర్తించి, ఆ లెక్క కట్టి, స్ప్రూస్ చెక్కతో తమ 1903 విమానానికి ప్రొపెల్లర్లు చెక్కుకున్నది రైట్ సోదరులు. అలంకరణ బొమ్మ చేసేవాడికి ఈ లెక్కతో పనిలేదు, వాడి రెక్క మొదటి నుంచి కొస దాకా ఒకే వాలుగా ఉంటుంది.

మామ చూసినదానికి మెలిక ఉంది. ముందంచుకు ఇత్తడి రేకు ఉంది. రేకు కొసన సూది మొనంత చిన్న బొక్కలున్నాయి. "ఇవి తుప్పు బొక్కలు కాదు, వరసగా కొట్టిండారు" అన్నాడు. రేకు లోపలికి చేరిన తేమ, తిరిగేటప్పుడు కొస వైపుకు తోసుకొచ్చి బయటికి పోవడానికి అవి. బొడ్డు ముఖం మీద గుండ్రంగా ఒక నొక్కుడు ముద్ర ఉంది, లోహపు బిళ్ల గట్టిగా బిగించినప్పుడు పడేది. అంటే ఇది ఎప్పుడో ఒక ఇంజిన్‌కు బిగించి తిప్పినది. బొమ్మ అన్న యాప్ అక్కడితో ఓడిపోయింది.

ఇంకో అనుమానం నాకే వచ్చింది. గాలిమర రెక్క ఎందుకు కాకూడదు? మా కంబదూరు వాళ్లకు ఈ అనుమానం సహజం. రామగిరి కొండల మీద, కళ్యాణదుర్గం పక్కన గాలిమరలు చూస్తూ పెరిగాం. లారీకి పట్టనంత పొడుగు రెక్కలు మలుపుల దగ్గర తిప్పలేక ఆగిపోతే పిల్లలంతా పోయి చూసేవాళ్లం. ఆ పెద్ద రెక్కల లోపల ఇప్పటికీ బాల్సా చెక్క వాడతారు, పైన ఫైబర్ కప్పుతారు. ఇక 1930ల్లో అమెరికా పొలాల్లో బ్యాటరీలు ఛార్జ్ చేసే చిన్న గాలిమరలకు పూర్తిగా చెక్క రెక్కలే ఉండేవి. అవి చూడటానికి అచ్చం ప్రొపెల్లర్లే. తేడా పట్టుకోవడం ఇలా. రెక్కకు ఒక పక్క ఉబ్బుగా, ఇంకో పక్క దాదాపు చదునుగా ఉంటుంది. రెండు అంచుల్లో మందంగా, గుండ్రంగా ఉండేది ముందంచు. ఆ ముందంచు ఉబ్బు వైపుకు వాలి ఉంటే గాలిని వెనక్కి తోసే ప్రొపెల్లర్. చదును వైపుకు వాలి ఉంటే గాలే దాన్ని తిప్పే మర. మామను అడిగాను, చేత్తో తడిమి "ఉబ్బు దిక్కే" అన్నాడు. సరే, ప్రొపెల్లరే.

ఇక అక్షరాలు. పాత వార్నిష్ పొరల కింద అవి కంటికి సరిగ్గా ఆనడం లేదు. మామ ఏ యాప్ చెప్పకుండానే ఒక పని చేశాడు. పల్చటి కాగితం పరిచి పెన్సిల్ పక్కకు వాల్చి రుద్దాడు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద మనం చేసిన ఆటే. శాసనాలు చదివేవాళ్లు రాతి మీద తడి కాగితం అద్ది, బ్రష్‌తో కొట్టి, సిరా పట్టించి అచ్చు తీసేదీ ఇదే సూత్రం మీద. కాగితం మీద తేలినవి: ఎల్‌హెచ్ అనే రెండక్షరాలు, డి పక్కన సగం అరిగిన అంకె, ఇంకో చోట జి, ఐ, పి అనే మూడు అక్షరాలు. ఆ తర్వాత అంతా అరుగుడు.

జి, ఐ, పి చూడగానే నాకు తోచింది జిప్సీ. బ్రిటన్‌కు చెందిన డి హావిలాండ్ కంపెనీ ఇంజిన్ల కుటుంబం పేరది. ఆ కుటుంబంలో జిప్సీ మేజర్ అనే ఇంజిన్, పైలట్ సీటులోంచి చూస్తే ప్రొపెల్లర్‌ను ఎడమకు తిప్పుతుంది. ఎల్‌హెచ్‌తో అది సరిపోయింది. ఆరడుగుల పైచిలుకు పొడవూ సరిపోయింది.

సరిగ్గా ఈ చోటే మనిషికి ఆశ పుడుతుంది. జిప్సీ ఇంజిన్ ఉన్న విమానాల్లో పుస్ మాత్ ఒకటి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చింది పుస్ మాత్‌లోనే. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చారు. మ్యాప్ తీసి బళ్లారి నుంచి మద్రాసుకు స్కేలు పెట్టి గీత గీయండి, అది అనంతపురం పట్నాన్ని ఆనుకుని పోతుంది. చూశారా, కథ ఎంత బాగా కుదిరిందో! "మా కరువు సీమ మీదుగా ఎగిరిన టాటా గారి విమానం ప్రొపెల్లర్, ఇప్పుడు బెంగళూరు కేఫ్‌లో" అని పోస్టు పెడితే లైకులకు లోటుండదు. ఓనర్ కూడా సంతోషిస్తాడు, కాఫీ రేటు ఇంకో యాభై పెంచుతాడు.

కానీ మన దగ్గరున్న ఆధారం ఆ మాట అననివ్వదు. పుస్ మాత్‌లు ప్రపంచం మొత్తం మీద తయారైనవి 300 లోపే. జిప్సీ మేజర్‌తో ఎగిరిన టైగర్ మాత్ శిక్షణ విమానాలు 8 వేలకు పైగా తయారయ్యాయి. మన దేశంలో ఫ్లయింగ్ క్లబ్బుల్లో, వైమానిక దళంలో కొత్త పైలట్లు నేర్చుకున్నది ఎక్కువగా వాటి మీదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ బేగంపేటలో నడిచిన శిక్షణ బడిలోనూ అవే. ప్రాబబిలిటీ పేపర్‌లో బేయస్ సూత్రం రాసి పది మార్కులు తెచ్చుకున్న మనం, ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని ఏ వైపు మొగ్గాలో చెప్పలేమా? "జిప్సీ కుటుంబం, చిన్న విమానం, టైగర్ మాత్ కావడానికి అవకాశం ఎక్కువ" అనేది ఈ కాగితం ఇచ్చే జవాబు. అంతకు మించి ఒక్క మాట కలిపినా అది కల్పన. గుర్తుపట్టడం అంటే అవకాశాలను ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ రావడం, ఆధారం ఎక్కడ ఆగిందో అక్కడ ఆగడం. డ్రాయింగ్ నంబరు గనక నిలిచి ఉంటే ఇంకో రెండు మెట్లు దిగగలిగేవాళ్లం. పాత వార్నిష్ వేసినవాళ్లెవరో మనకన్నా ముందే ఒకసారి రుద్దేశారు.

ఒక నంబరు ఉంటే ఏం జరుగుతుందో చెప్పే అసలైన తెలుగునేల ఉదాహరణ ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ అనే బాంబర్ విమానాలు కొనడానికి డబ్బిచ్చింది హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. అందుకే ఆ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ చేరింది. విమానాల మీద నిజాం కానుక అని రాశారు. 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజిన్, ముందు చెక్క ప్రొపెల్లర్. 1918 సెప్టెంబరులో ఆ విమానాలు ఫ్రాన్స్‌కు వెళ్లాయి. వాటిలో ఎఫ్ 1010 అనే నంబరుది ఆ ఏడాది అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో అక్కడి నుంచి పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దాన్ని బదులుగా తెచ్చుకున్నారు, ఇప్పుడది రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం సేకరణలో ఉంది. మూడు దేశాలు తిరిగిన ఆ చెక్క, గుడ్డ, ఇనుముల పోగును ఎఫ్ 1010 అనే నంబరు పట్టుకుని వెనక్కి నడిస్తే హైదరాబాద్ ఖజానా దాకా వస్తాం. ఇంకో అడుగు వేస్తే ఆ ఖజానా నింపిన శిస్తు దాకా, ఆ శిస్తు కట్టిన తెలంగాణ, మరాఠ్వాడా రైతుల దాకా వస్తాం. యూరప్ ఆకాశంలో బాంబులేసిన విమానంలో మన పల్లెల చెమట ఎంతుందో అడగాలంటే ముందు ఆ నంబరు ఉండాలి. నంబరు చెరిగితే మిగిలేది "పాత విమానం". దాన్ని ఏ ప్రశ్నా అడగలేం.

నా వాదనకు రెండు అభ్యంతరాలు హాస్టల్‌లోనే వచ్చాయి. మొదటిది: "ఓనర్ డబ్బు పెట్టి కొనుక్కున్నాడు, ఆయనిష్టం, నీకేంటి?" ఒప్పుకుంటాను. కొనుక్కున్నవాడికి గడియారం పెట్టుకునే హక్కుంది. నేనడిగేది ఆ హక్కు వదులుకోమని కాదు. గీకే ముందు పది నిమిషాలు ఆగి కొలతలు, ఫోటోలు, పెన్సిల్ అచ్చు తీసుకోమని. ప్రొడక్షన్ డేటాబేస్‌లో టేబుల్ తీసేసే ముందు బ్యాకప్ తీసుకోమని మనకు ఎంతమంది చెప్పారు? ఇక్కడా అంతే. పైగా గీకని ప్రొపెల్లర్‌కే సేకరించేవాళ్ల దగ్గర గౌరవం, ధర రెండూ ఎక్కువ. నున్నగా మెరిసే దాన్ని చూసి వాళ్లు మొదట అడిగేది, "నంబర్లు ఏవి?" అనే.

రెండో అభ్యంతరం నన్ను కాస్త ఆలోచింపజేసింది. "తాగునీళ్ల ట్యాంకర్ కోసం చూసే ఊరి నుంచి వచ్చి, ఎవడిదో తెల్లవాడి విమానం చెక్క గురించి ఇంత గోలెందుకు?" అన్నాడు మా జిల్లా వాడే ఒకడు. నా జవాబు ఇది. మా ఊళ్లో మల్లికార్జునస్వామి గుడి ఉంది, వందల ఏళ్ల నాటి రాతి పని. మా సీమలో ఏ ఊరికి పోయినా పొలం గట్టునో, రచ్చబండ పక్కనో వీరగల్లు ఒకటి ఉంటుంది. కొన్నింటి మీద అక్షరాలుంటాయి. పండగొస్తే వాటికి సున్నం కొడతాం, ఈమధ్య ఆయిల్ పెయింట్ కొడుతున్నాం. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, భక్తితోనే చేస్తాం. కానీ ఒక్కో కోటుతో ఒక్కో అక్షరం పూడిపోతుంది. రెండువందల ఏళ్ల కిందట కల్నల్ మెకంజీ మనుషులు దత్త మండలాల్లో ఊరూరూ తిరిగి కైఫియత్తులు రాయించుకుపోయారు కాబట్టి మన ఊళ్ల సంగతులు కొన్నైనా కాగితం మీద ఉన్నాయి. కరువు మనుషుల్ని ఊళ్లోంచి పంపేస్తుంది. మనుషులు పోయాక ఆ ఊరి గురించి చెప్పడానికి మిగిలేవి వస్తువులు, వాటి మీద రాతలు. అందుకే ఈ గోల మా ఊరికి సంబంధం లేనిది అనుకోను. ప్రొపెల్లర్ దగ్గర అలవాటైన చెయ్యి వీరగల్లు దగ్గరా ఆగుతుంది.

ఇంకో సంగతి ఇందులో నాకు ముఖ్యం. ఆ అక్షరాలను ముందు చూసింది కొన్న ఓనర్ కాదు, డిజైన్ గీసిన వాళ్లూ కాదు. దినకూలి మీద పనిచేసే వడ్రంగి. కూల్చే పని, గీకే పని, రంగేసే పని ఎవరి చేతికి పోతుందో వాళ్ల కంటికే గుర్తులు ముందు కనిపిస్తాయి. కానీ "ఆగండి" అనే అధికారం వాళ్లకు ఉండదు. అడగడానికి ఒక మనిషైనా ఉండాలి. మన ఇళ్లలో చదువుకున్నవాళ్లం ఆ మనిషిగా ఉంటే చాలు. మామకు నేను నేర్పింది తక్కువ. చెక్క, అతుకు, బొక్కలు అన్నీ ఆయనే చెప్పాడు, నేను చేసింది ఆ మాటలను పుస్తకాల్లోని మాటలతో కలపడమే.

చివరికి ఏమైందంటే, గడియారం బిగించారు. బొడ్డు నడుమ బొక్క పెద్దదైంది, జి, ఐ, పి ఉన్న చోటు దాంతోపాటే పోయింది. ఇత్తడి రేకుకు చింతపండు పెట్టకుండా మాత్రం మామ ఓనర్‌ను ఒప్పించాడు. పెన్సిల్ అచ్చుకు ఒక జిరాక్స్ తీసి, కొలతలు రాసి, కవర్‌లో పెట్టి ప్రొపెల్లర్ వెనక గోడ వైపు అతికించాడు. అసలు కాగితం నా దగ్గర ఉంది.

సంక్రాంతికి అందరం ఇళ్లకు పోతున్నాం. అటక మీదో, గొడ్ల చావిట్లోనో, తాతగారి ట్రంకు పెట్టెలోనో పాత వస్తువేదైనా ఉంటే, అది ప్రొపెల్లరే కానక్కర్లేదు, కాటా కావచ్చు, గడియారం కావచ్చు, కుట్టుమిషన్ కావచ్చు. పండగ శుభ్రంలో దాన్ని తోమే ముందు నాలుగు పనులు చెయ్యండి. పక్కన స్కేలు పెట్టి అన్ని వైపుల నుంచీ ఫోటోలు తియ్యండి. పొడవు, మందం, బొక్కల లెక్క, బరువు రాసుకోండి. అక్షరాలు ఉన్నచోట పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. ఇంట్లో పెద్దవాళ్లను అది ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి వాళ్ల మాటల్లోనే రాయండి. చెక్క వస్తువైతే ఎండలో పెట్టకండి, పాత అతుకులు విడిపోతాయి. అంతా మన క్లబ్ మెయిల్‌కు పంపండి. యాప్‌కు చూపించే ముందు ఊళ్లో ఒక వడ్రంగికో, కమ్మరికో చూపించండి, వాళ్లేమన్నారో కూడా రాసి పంపండి.